సముద్రం దాటి వచ్చిన కొలువు – ఒక పరిశీలన

పని కోసం మనిషి దేశాంతరం పోవడం మన తెలుగువారికి కొత్త కాదు. 19వ శతాబ్దంలోను, 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలోను చెరకు తోటల పనికి మనవారు మారిషస్‌కు, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, ఫిజీ దీవులకు ఓడలెక్కి వెళ్ళారు. రంగూను రేవులో మూటలు మోసినవారిలోను, మలయా రబ్బరు తోటల్లో పాలు తీసినవారిలోను తెలుగువారున్నారు. 1970ల నుండి హైదరాబాదు పాతబస్తీ యువకులు, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల రైతుబిడ్డలు గల్ఫు దేశాలకు వెళ్ళి తమ కుటుంబాలను పోషించారు. ఈ వలసలన్నింటికీ ఉమ్మడి లక్షణం ఒక్కటే. పని ఉన్న చోటికి మనిషి పోయినాడు.

గడచిన పాతికేళ్ళలో మన నగరానికి పడమట జరిగినది దీనికి తలక్రిందులైన వ్యవహారం. మనిషి తన ఊళ్ళోనే ఉన్నాడు. పనియే సముద్రం దాటి అతని వద్దకు వచ్చింది. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న ఖాతాదారు టెలిఫోను చేసి ఒక ప్రశ్న అడుగుతాడు. దానికి జవాబు చెప్పే గొంతు హైదరాబాదుది.

ఇట్లా ఒక దేశపు వినియోగదారులకు జవాబు చెప్పే ఉద్యోగం మరొక దేశానికి తరలినప్పుడు పోయిన చోట ఏమి జరుగుతుంది? వచ్చిన చోట ఏమి జరుగుతుంది? వచ్చిన చోట అది ఎంతకాలం నిలుస్తుంది? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. మన విద్యార్థులలో ఏటేటా కొందరు డిగ్రీ ముగియకముందే ఈ కొలువుల్లో చేరుతున్నారు. కాబట్టి ఇది అర్థశాస్త్ర పాఠం మాత్రమే కాదు, మన ఇంటి విషయం కూడా.

నానక్‌రామ్‌గూడ

గోల్కొండ కోటకు పడమటి దిక్కున కొద్ది మైళ్ళ దూరంలో నానక్‌రామ్‌గూడ ఉన్నది. గూడ అంటే చిన్న పల్లె. శేరిలింగంపల్లి మండలంలోని ఈ పల్లెకు గ్రానైటు బండలు, గుట్టలు, పురాతనమైన రంగనాథస్వామి ఆలయం గుర్తులు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అక్కడ మొదలైన కట్టడాల వరుస గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ వరకు సాగింది. 2007లో శేరిలింగంపల్లి ప్రాంతం మహానగర పాలక సంస్థలో కలిసింది. 2008లో బాహ్య వలయ రహదారి తొలి భాగం గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు తెరచుకొన్నది. బ్యాంకులు, బీమా సంస్థలు వచ్చి చేరగా పల్లె పక్కన ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు వెలసింది.

2019 ఆగస్టులో అమెజాన్ సంస్థ ఇక్కడ 9.5 ఎకరాలలో 15,000 మంది పనిచేయగల భవనాన్ని ప్రారంభించింది. 2023 మార్చిలో అమెరికా కాన్సులేటు బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుండి నానక్‌రామ్‌గూడకు మారింది. ఇందులో ఒక విశేషమున్నది. ఒకే పల్లె నేల మీద ఒక వైపు అమెరికా పని వచ్చి చేరుతున్నది. మరొక వైపు అమెరికా పోవడానికి వీసా కోరి యువకులు బారులు తీరుతున్నారు. పని రాకడ, మనిషి పోకడ రెండూ ఇక్కడ ఇరుగుపొరుగులైనవి.

తెలంగాణ ప్రభుత్వ వార్షిక నివేదికల ప్రకారం ఐ.టి., దాని అనుబంధ సేవల రంగంలో 2013–14లో 3,23,396 మంది పనిచేస్తుండగా 2022–23 నాటికి ఆ సంఖ్య 9,05,715కు పెరిగింది. ఎగుమతుల విలువ 57,258 కోట్ల రూపాయల నుండి 2,41,275 కోట్లకు చేరింది. వీరందరూ టెలిఫోను వద్ద కూర్చునేవారు కారు. సాఫ్ట్‌వేరు రాసేవారు, లెక్కలు చూసేవారు కూడా ఇందులో ఉన్నారు. అయినా సాధారణ డిగ్రీ గల యువకునికి ఈ రంగపు తలుపు తొలుత తెరచినది వినియోగదారుల సేవయే.

పని కదలిన విధానం

ఒక టెలిఫోను పిలుపు ఇంత దూరం ఎట్లా వస్తుందో తెలుసుకొనుట మంచిది. ఒహాయో రాష్ట్రంలోని ఒక గృహిణికి బ్యాంకు కార్డు లెక్కలో ఏదో తేడా కనిపించిందనుకొందాం. కార్డు వెనుక ముద్రించిన ఉచిత నంబరుకు ఆమె ఫోను చేస్తుంది. ఆమె మాట సంకేతాలుగా మారి, సముద్రగర్భాన వేసిన గాజుపోగుల కేబుళ్ళ గుండా మన దేశపు తీరానికి, అక్కడ నుండి హైదరాబాదుకు క్షణంలోపే చేరుతుంది. అప్పటికి ఖాళీగా ఉన్న ఉద్యోగి ఎవరో చూచి ఒక యంత్రం ఆ పిలుపును అతనికి అందిస్తుంది. ఆమె ఖాతా వివరాలు అతని కంప్యూటరు తెర మీద కనిపిస్తాయి. అతడు జవాబు చెబుతాడు. ఆ సంభాషణ ఎన్ని నిమిషాలు సాగిందో లెక్క కడతారు. అందులో కొన్నింటిని పై అధికారి తరువాత విని మార్కులు వేస్తాడు.

ఇది సాధ్యం కావడానికి మూడు ఏర్పాట్లు కలిసివచ్చినవి. మొదటిది కేబుళ్ళు. రెండవది ప్రభుత్వ విధానం. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడింది. 1999లో నూతన టెలికాం విధానం వచ్చింది. 2002 ఏప్రిల్‌లో విదేశీ టెలిఫోను పిలుపులపై విదేశ్ సంచార్ నిగమ్‌కు ఉన్న గుత్తాధిపత్యం ముగిసింది. దానితో పిలుపు ఖర్చు బాగా తగ్గింది. మూడవది ఇంగ్లీషు చదివిన పట్టభద్రులు. 1990ల మధ్య కాలంలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వంటి సంస్థలు తమ కాగితపు పనిని భారతదేశానికి పంపాయి. 1997లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ గురుగ్రామ్‌లో ప్రారంభించిన సేవాకేంద్రం తరువాత హైదరాబాదుకూ విస్తరించి, 2005లో జెన్‌పాక్ట్ అనే పేరు దాల్చింది. హెచ్.ఎస్.బి.సి. బ్యాంకు, డెల్ కంప్యూటర్ల సంస్థ మొదలైనవి కూడా మన నగరంలో కేంద్రాలు తెరచాయి.

ఈ తరలింపుకు ముఖ్య కారణం జీతంలోని వ్యత్యాసం. ఒక చిన్న లెక్కతో ఇది బోధపడుతుంది. 2003 ప్రాంతంలో డాలరు విలువ దాదాపు 46 రూపాయలు. నెలకు 10,000 రూపాయల జీతమంటే సుమారు 217 డాలర్లు. ఆ కాలంలో అమెరికా కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 5 డాలర్ల 15 సెంట్లు. వారానికి 40 గంటల పనికి 206 డాలర్లు. అంటే ఇక్కడ ఒక పట్టభద్రుని నెల జీతం అక్కడ అతి తక్కువ కూలి పొందేవాని వారం జీతంతో దాదాపు సమానం. ఇక్కడి యువకునికి ఆ పదివేలు గౌరవప్రదమైన జీతమే. ఈ రెండు నిజాల నడుమనే ఈ పరిశ్రమంతా నిలిచి ఉన్నది.

పని పోయిన చోట

మనకు వచ్చిన ఉద్యోగం ఎక్కడో ఒక ఇంటి నుండి వచ్చినదే. ఈ సంగతి మన పత్రికల్లో తక్కువగా కనిపిస్తుంది. 2003 అక్టోబరులో హెచ్.ఎస్.బి.సి. బ్యాంకు బ్రిటన్‌లో 4,000 ఉద్యోగాలను ఆసియాకు, అంటే భారతదేశం, మలేషియా, చైనాలకు తరలిస్తున్నట్లు ప్రకటించింది. అదే సంవత్సరం డిసెంబరులో నార్విచ్ యూనియన్ బీమా సంస్థ 2,350 ఉద్యోగాలను భారతదేశానికి పంపుతామన్నది. బ్రిటన్ ఉత్తర ప్రాంతంలో బొగ్గు గనులు, ఓడల కర్మాగారాలు మూతపడిన పట్టణాలకు అంతకు ముందు దశాబ్దంలో దొరికిన ఆధారం ఈ టెలిఫోను కేంద్రాలే. గని మూసినప్పుడు తండ్రి పని పోగా, కేంద్రం మూసినప్పుడు బిడ్డ పని పోయిన ఇళ్ళు అక్కడ ఉన్నాయి.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు ఉదంతం మరింత ఆలోచింపజేస్తుంది. పేదలకిచ్చే ప్రభుత్వ సహాయాన్ని గురించి ఫోను చేసేవారికి జవాబు చెప్పే పనిని ఒక కంట్రాక్టు కంపెనీ ముంబయికి పంపినట్లు 2002లో బయటపడింది. పని లేక ప్రభుత్వ సహాయం కోరినవాడు ఫోను చేస్తే, అతడు చేయగలిగిన పని మరొక దేశంలో జరుగుతున్నదన్నమాట. దీనిపై శాసనసభలో ఆందోళన చెలరేగింది. మరుసటి ఏడు అధిక వ్యయానికి సిద్ధపడి ఆ పనిని తిరిగి న్యూజెర్సీకి తెచ్చుకొన్నారు.

దీనిపై అర్థశాస్త్రజ్ఞుల అభిప్రాయాలు ఒక తీరుగా లేవు. ఏ దేశం ఏ పనిని సాపేక్షంగా తక్కువ ఖర్చుతో చేయగలదో ఆ పని చేసి తక్కినవి కొనుక్కొంటే ఇరుపక్షాలకూ లాభమని 1817లో డేవిడ్ రికార్డో ప్రతిపాదించాడు. ఆ సూత్రాన్ని అనుసరించి 2004లో అమెరికా అధ్యక్షుని ఆర్థిక సలహామండలి అధ్యక్షుడు గ్రెగరీ మాంకివ్, ఈ తరలింపు దీర్ఘకాలంలో దేశానికి మేలే కావచ్చునన్నాడు. ఆ మాటపై పెద్ద దుమారం రేగింది. 2006లో ఆలన్ బ్లైండర్ అనే అర్థశాస్త్రజ్ఞుడు విషయాన్ని వేరొక విధంగా విభజించి చూపాడు. ఇకమీదట ఎక్కువ చదువు, తక్కువ చదువు అన్న భేదం కంటే, తీగ మీద నాణ్యత చెడకుండా పంపగలిగిన పని, పంపలేని పని అన్న భేదమే ముఖ్యమవుతుందని ఆయన వాదం. మంగలి పని, మంత్రసాని పని తీగ మీద పోవు. లెక్కలు కట్టే పని పోతుంది. ఈ విభజనను మన విద్యార్థులు మనసులో ఉంచుకోవాలి. దీని అవసరం ముందు వస్తుంది.

దేశం మొత్తానికి లాభం కలిగినా, ఆ లాభం పని పోగొట్టుకొన్నవానికి చేరినదా అన్నది వేరే ప్రశ్న. విదేశీ వాణిజ్యం వల్ల ఉద్యోగం పోయినవారికి శిక్షణ, భృతి ఇవ్వడానికి అమెరికాలో 1974లోనే చట్టం చేశారు. కాని అది వస్తువులు తయారుచేసే కార్మికులను దృష్టిలో ఉంచుకొన్నది. సేవారంగపు ఉద్యోగులను అందులో చేర్చినది 2009లో. ఆ పథకం 2022లో గడువు తీరి ఆగిపోయింది. లాభం సమాజమంతటా పంచుకొని, నష్టాన్ని కొన్ని ఇళ్ళకే వదలివేయడం న్యాయం కాదని మా అభిప్రాయం. ఈ మాట రేపు మనకూ వర్తించవచ్చు.

పని వచ్చిన చోట

మన వైపు కలిగిన మేలును తక్కువగా చూపడం సరి కాదు. పెట్టుబడి లేదు, సిఫారసు లేదు, భూమి లేదు. డిగ్రీ, ఇంగ్లీషు మాట, ఓర్పు ఉన్నవానికి జీతం దొరికింది. మధ్యతరగతి ఇళ్ళలో తండ్రి జీతాన్ని మించిన మొదటి జీతం పిల్లలు తెచ్చారు. 2006 నవంబరులో ప్రధానికి సమర్పించిన సచార్ సంఘం నివేదిక, ముస్లింలు ప్రభుత్వ, సంఘటిత రంగపు కొలువుల్లో ఎంత వెనుకబడి ఉన్నారో చూపింది. అటువంటి స్థితిలో, చుట్టరికం చూడక పనితనాన్ని బట్టి కొలువిచ్చే పరిశ్రమ ఒకటి రావడం మన పాతబస్తీ యువకులకు చిన్న విషయం కాదు. వీరి వెనుక క్యాబ్ డ్రైవర్లు, క్యాంటీను వంటవారు, హాస్టళ్ళు నడిపేవారు, కాపలాదారులు వేలాదిగా బ్రతుకుతున్నారు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. ఉమ్మడి రాష్ట్రపు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం స్త్రీలను రాత్రిపూట పనిలో పెట్టరాదన్నది. రవాణా, భద్రత కల్పించాలన్న షరతుతో ప్రభుత్వం ఈ రంగానికి మినహాయింపు ఇచ్చింది. దానితో ఎందరో యువతులకు స్వంత సంపాదన, ఇంట్లో మాట విలువ లభించాయి. అయితే షరతు కాగితం మీద ఉండిపోతే ఎంత ప్రమాదమో కూడా చూశాము. 2005 డిసెంబరులో బెంగుళూరులో ఒక కాల్ సెంటరు ఉద్యోగిని పనికి పోతూ క్యాబ్ డ్రైవరు చేతిలో హతురాలైంది. 2013 అక్టోబరులో మన నగరపు ఐ.టి. ప్రాంతంలోనే క్యాబ్ ఎక్కిన ఉద్యోగినిపై అత్యాచారం జరిగింది. 2014 అక్టోబరులో తెలంగాణ పోలీసులు షీ టీములను నెలకొల్పారు. చట్టం ఇచ్చిన స్వేచ్ఛకు రక్షణ తోడైనప్పుడే అది నిజమైన స్వేచ్ఛ అవుతుంది.

ఇక నష్టాల సంగతి. న్యూయార్కులో ఉదయం 9 గంటలైతే మనకు శీతకాలంలో రాత్రి 7:30, వేసవిలో సాయంత్రం 6:30. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 9 అయ్యేసరికి శీతకాలంలో ఇక్కడ రాత్రి 10:30. లండను పని చేసేవాడు మధ్యాహ్నం పోయి రాత్రి ఇల్లు చేరుతాడు. అమెరికా పని చేసేవాడు తెల్లవారుజామున చేరుతాడు. దేహానికి సూర్యుడు చెప్పే వేళ ఒకటి, యజమాని చెప్పే వేళ మరొకటి. రాత్రి షిఫ్టు దేహపు సహజ లయను చెరిపి క్యాన్సరుకు దారితీసే అవకాశమున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించి, 2019లో తిరిగి ధ్రువపరచింది. ఇంట్లో అందరూ లేచే వేళకు ఇతడు పడుకొంటాడు. ఈదు నాడు, దసరా నాడు పని ఉంటుంది. అమెరికా పండుగ నాడు సెలవు దొరుకుతుంది.

మరొక నష్టం లెక్కకు అందనిది. తొలి రోజుల్లో చాలా కేంద్రాలలో ఉద్యోగి తన పేరు చెప్పుకొనే వీలు లేకుండెను. అహ్మద్ ఆండీ అయినాడు, సుజాత సూసన్ అయింది. ఉర్దూలో తలఫ్ఫుజ్ అంటాము, లహజా అంటాము. మాట పలికే తీరులో మనిషి పుట్టిన ఊరు, పెరిగిన ఇల్లు వినిపిస్తాయి. దానిని ఎనిమిది గంటలు దాచిపెట్టి మాట్లాడటం కూడా ఒక శ్రమయే. అవతలివాని తిట్లు విని, నవ్వు చెదరని గొంతుతో బదులు చెప్పడం అంతకంటె పెద్ద శ్రమ. జీతపు చీటీలో దానికి లెక్క ఉండదు.

నగరం పెరిగిన తీరు మీద కూడా ఒక మాట. 2016 డిసెంబరులో నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల ఇల్లు కూలి 11 మంది మరణించారు. విజయనగరం జిల్లా నుండి, ఛత్తీస్‌గఢ్ నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీలు వారిలో ఉన్నారు. అద్దాల మేడల వెలుగు వెనుక ఈ చీకటి కూడా ఉన్నదని మరువరాదు.

మచిలీపట్నం చెప్పే పాఠం

ఈ కథ మన నేలకు మొదటిసారి కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం వారి ప్రధాన రేవు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తకస్థానం తెరిచింది. తీరాంధ్ర నేతగాళ్ళు, అద్దకపువారు తయారుచేసిన రంగుల బట్టలు ఐరోపా ఇళ్ళను ముంచెత్తినవి. కలంకారీ అన్న మాట ఫారసీది, ఆ పని చేసిన చేతులు తెలుగువారివి. చవకగా, నాణ్యంగా దొరికిన ఈ బట్టల వల్ల తమ పని పోతున్నదని ఇంగ్లండు నేతగాళ్ళు మొరపెట్టుకొన్నారు. 1700లో అక్కడి పార్లమెంటు రంగులద్దిన భారతీయ వస్త్రాల దిగుమతిని నిషేధించింది. 1719లో లండను స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు వీధుల్లో అద్దకపు బట్టలు కట్టిన స్త్రీల మీద దాడులకు దిగారు. 1721లో ఆ బట్టలు ధరించడాన్ని కూడా నిషేధించారు.

2003లో బ్రిటన్ ఉద్యోగులు చేసిన ఫిర్యాదుకు, 1719 నాటి నేతగాళ్ళ ఫిర్యాదుకు పెద్ద భేదం లేదు. భేదమంతా తరువాతి కథలో ఉన్నది. నిషేధం చాటున ఇంగ్లండులో యంత్రాలు పెరిగాయి. 1760ల నుండి హార్‌గ్రీవ్స్, ఆర్క్‌రైట్, క్రాంప్టన్‌ల వడుకు యంత్రాలు వచ్చాయి. 19వ శతాబ్దంలో ఆ యంత్రపు బట్టయే మన అంగళ్ళలో నిండి, మన నేతగానిని పనిలేనివానిని చేసింది. చవకదనం వల్ల వచ్చిన పని అంతకంటె చవక అయినది దొరకగానే పోయింది. ఆ నాడు మనకు రాజ్యాధికారం లేదు కనుక నష్టం రెట్టింపు అయింది. ఈ నాడు అధికారం మన చేతిలోనే ఉన్నది. కాని మెలకువ ఉన్నదా అని ప్రశ్నించుకోవాలి.

తాడి తన్నేవాని తల దన్నేవాడు

కాల్ సెంటరు పనిలోనూ ఇదే వరుస కనబడుతున్నది. ఖాతాదారుల ఫిర్యాదుల వల్ల 2003 నవంబరులో డెల్ సంస్థ తన కంపెనీ ఖాతాదారుల పిలుపులను బెంగుళూరు నుండి తిరిగి అమెరికాకు మళ్ళించింది. 2011లో సాంటాండర్ బ్యాంకు బెంగుళూరు, పుణేల నుండి బ్రిటన్‌కు పనిని వెనక్కు తీసుకొన్నది. 2010 ప్రాంతానికి టెలిఫోను మాటల పనిలో ఫిలిప్పీన్స్ దేశం మనలను దాటిపోయింది. అమెరికా పాలనలో దాదాపు అర్ధశతాబ్దం గడిపిన ఆ దేశపు ఇంగ్లీషు అమెరికనుల చెవికి దగ్గరగా ఉండడం ఒక ముఖ్య కారణం. 2025లో ఈ తరలింపును అరికట్టే బిల్లులను అమెరికా సెనేటులో ప్రవేశపెట్టారు.

వీటన్నిటికన్న పెద్ద పోటీదారు యంత్రం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత, ప్రశ్నకు వాక్యాలలో జవాబు చెప్పే యంత్రాలు వేగంగా వ్యాపించాయి. ఉచ్చారణను అప్పటికప్పుడే మార్చి వినిపించే సాఫ్ట్‌వేరు కూడా కేంద్రాలలో ప్రవేశించింది. ఇన్నేళ్ళు లహజా మార్చుకొనేందుకు యువకులు పడిన శ్రమను ఒక యంత్రం క్షణంలో చేస్తున్నదన్నమాట. 2024 ఫిబ్రవరిలో స్వీడనుకు చెందిన క్లార్నా సంస్థ, తమ యంత్రం 700 మంది ఉద్యోగుల పని చేస్తున్నదని చాటింది. మరుసటి ఏడే ఆ సంస్థ అధిపతి, మాట్లాడడానికి మనిషి కావాలనుకొనే ఖాతాదారునికి మనిషి దొరకాలంటూ మళ్ళీ మనుషులను తీసుకొంటున్నట్లు చెప్పాడు.

ఈ ఉదంతం నుండి రెండు విషయాలు గ్రహించవచ్చు. రాసిపెట్టిన జవాబును చదివి వినిపించే పని యంత్రానికి పోతుంది. చిక్కుపడిన విషయాన్ని విడదీసే పని, కోపంలోనో దుఃఖంలోనో ఉన్నవానిని ఓదార్చి దారి చూపే పని మనిషి వద్ద మిగులుతుంది. తీగ మీద పోయే పని, పోని పని అన్న బ్లైండరు విభజనకు ఇప్పుడు యంత్రానికి పోయే పని, పోని పని అన్న విభజన తోడైంది. మన పట్టభద్రుడు ఈ రెండవ గీతకు ఏ వైపున నిలబడతాడన్నదే నేటి ప్రశ్న.

మన భాషలు, మన ప్రజలు

ఈ విద్యను మనం పరదేశపు ఖాతాదారుకే వినియోగించాలని ఎక్కడా లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అత్యవసర సేవ ప్రారంభమైంది. పిలుపును అందుకొని, తెర మీద వివరాలు చూచి, సమీపంలోని అంబులెన్సును పంపే ఈ పద్ధతి కాల్ సెంటరు పద్ధతియే. భేదమొక్కటే, అవతల ఉన్నది ప్రసవవేదన పడుతున్న మన పల్లెటూరి తల్లి, రోడ్డు ప్రమాదంలో పడిన మన తమ్ముడు. అక్కడ అమెరికా ఉచ్చారణతో పని లేదు. ఆదిలాబాదు తెలుగు, పాతబస్తీ దక్కనీ ఉర్దూ అర్థం కావాలి. ఏ వాగు పక్కన, ఏ దర్గా ఎదుట అన్న గుర్తులు పట్టగలగాలి. ఈ సేవ తరువాత ఎన్నో రాష్ట్రాలకు విస్తరించింది. బ్యాంకులు, బీమా సంస్థలు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు నేడు తెలుగులోను, హిందీ ఉర్దూలలోను మాట్లాడగల ఉద్యోగులను కోరుతున్నాయి. రెండు భాషలు తల్లిపాలతో వచ్చిన మన విద్యార్థికి ఇది తక్కువ సంపద కాదు. ఆ రెండు భాషలనూ శుద్ధంగా చదివి రాయగలిగితేనే అది సంపద అవుతుందని మాత్రం హెచ్చరించక తప్పదు.

విద్యార్థులకు, పాలకవర్గానికి మనవి

విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇది. ఈ కొలువు నీచమైనదని మేమనము. ఇంట్లో అవసరం ఉన్నవానిని ఉద్యోగం మానుమని చెప్పే అధికారం ఎవరికీ లేదు. కాని డిగ్రీని మధ్యలో విడిచిపెట్టి దానిలో చేరవద్దు. ఇరవయ్యో ఏట మంచి జీతమనిపించినది ముప్పయ్యో ఏట అదే అంకె మీద నిలిచిపోతే, పైమెట్టు ఎక్కడానికి కావలసినది ఆ విడిచిన డిగ్రీయే. ఉద్యోగంలో చేరినవారు అక్కడి విద్యను శ్రద్ధగా నేర్వండి. ఎదుటివాని మాట పూర్తిగా వినడం, సమస్యను ముక్కలుగా విడదీయడం, తెలిసినది స్పష్టంగా చెప్పడం ఏ వృత్తిలోనైనా అక్కరకు వచ్చే గుణాలు. జీతంలో కొంత చదువు కోసం దాచండి. ఒక్క ఉచ్చారణనే పెట్టుబడిగా నమ్ముకోవద్దు. ఖాతా లెక్కలు, బీమా నిబంధనలు, వైద్య పదజాలం వంటి ఏదో ఒక విషయంలో పట్టు సంపాదించండి.

కళాశాల పాలకవర్గం వారికి కొన్ని మనవులు. రాత్రి పనిచేసే విద్యార్థి ఉదయపు తరగతిలో కునుకు తీయడం మా అధ్యాపకులందరికీ విదితమే. హాజరు చాలలేదని అతనిని పరీక్షకు దూరం చేయడం కంటె, విశ్వవిద్యాలయపు నిబంధనలకు లోబడి మధ్యాహ్నపు తరగతుల ఏర్పాటు చేయవచ్చునేమో ఆలోచించవలసిందిగా కోరుతున్నాము. ఇంగ్లీషుతో సమానంగా తెలుగు, ఉర్దూ భాషలలో మాట్లాడటం, ఉత్తరం రాయడం, ఒక భాష నుండి మరొక భాషకు అనువదించడం నేర్పే చిన్న తరగతులు ప్రారంభించాలి. కొలువులిచ్చే సంస్థలను కళాశాలకు పిలిచేటప్పుడు జీతమెంత అన్న ప్రశ్నతోపాటు, ఆడపిల్లలకు రాత్రి రవాణా ఎట్లా, సెలవులెన్ని, చదువు కొనసాగించే వీలు ఉన్నదా అన్న ప్రశ్నలు కూడా సంస్థ తరఫున అడగాలి. ఒక్క విద్యార్థిని అడిగితే జవాబు రాకపోవచ్చు, కళాశాల అడిగితే వస్తుంది.

ఇల్లు అలకగానే పండుగ కాదని పెద్దలంటారు. పని మన వాకిటికి రావడం ఇల్లు అలకడం వంటిది. గల్ఫుకు పోయిన తండ్రికి తన బిడ్డ ఊళ్ళోనే ఉండి సంపాదించుకోవాలన్న కోరిక ఉండేది. ఆ కోరిక కొంతవరకు తీరింది. వచ్చిన పని చవకదనాన్ని చూసి వచ్చింది గనుక ఎప్పుడైనా పోవచ్చు. అది పోయే లోపల దాని నుండి నేర్చుకొన్నది మాత్రం మనతో ఉంటుంది. ఆ నేర్పును సంపాదించుకోవలసిన కాలం మన విద్యార్థులకు ఈ మూడు డిగ్రీ సంవత్సరాలే.